వంతెన కింద శవం, మధ్యలో ఒక ప్రేమ

1952 జనవరి 9న సైగాన్ నడిబొడ్డున, నాటకశాల ముందరి కూడలిలో, జనం కిటకిటలాడే పట్టపగటి వేళ ఒక కారు పేలిపోయింది. ఊళ్లో ఇంకోచోట మరో కారు. పేలుడులో కాళ్లు తెగిపోయిన ఒక మనిషి ఫొటోను అమెరికాలోని 'లైఫ్' పత్రిక అచ్చువేసి, ఈ ఘోరం కమ్యూనిస్టుల పనేనని రాసింది. తీరా చూస్తే ఆ బాంబులు పెట్టించింది నేనేనని ఒప్పుకున్నవాడు కమ్యూనిస్టులకు బద్ధశత్రువు, త్రిన్ మిన్ థే అనే తిరుగుబాటు సేనాని. ఫ్రెంచివాళ్ల కొలువులో కొన్నాళ్లుండి, అంతకుముందు ఏడాదే తన మనుషులను వెంటబెట్టుకుని అడవి పట్టినవాడు. అతని వెనక అమెరికన్లున్నారని సైగాన్‌లోని ఫ్రెంచి అధికారులు గుసగుసలాడుకున్నారు. ఆ మాట ఎంతవరకు నిజమన్నది చరిత్రకారుల మధ్య ఇంకా తేలలేదు.

ఆ గుసగుసను పట్టుకుని ఒక ఆంగ్ల రచయిత నవల రాశాడు. పేరు గ్రాహం గ్రీన్. నవల పేరు 'ది క్వైట్ అమెరికన్'. 1955 చివర్లో లండన్‌లో అచ్చయింది. రెండు వందల పేజీలకు అటూ ఇటూ ఉండే చిన్న పుస్తకం. ముగ్గురు మనుషుల మధ్య ప్రేమ, ఒక స్నేహద్రోహం, ఒక రాజకీయ హత్య. ఈ మూడింటినీ విడదీయడానికి వీల్లేకుండా పెనవేయడమే గ్రీన్ చేసిన పని. అందుకే డెబ్భై ఏళ్లయినా దీని మీద తగువు తెగడం లేదు.

గ్రీన్ వియత్నాంకు మొదటిసారి వెళ్లింది 1951 జనవరిలో. హనోయిలో బ్రిటిష్ కాన్సల్‌గా ఉన్న పాత మిత్రుణ్ని చూసి రావడానికి బయల్దేరిన మనిషి, ఆ దేశం మోజులో పడి 1955 దాకా చలికాలం వస్తే చాలు అక్కడ తేలేవాడు. పత్రికలకు వ్యాసాలు రాసేవాడు. ఫ్రెంచి బాంబర్ విమానంలో కూర్చుని దాడికి వెళ్లొచ్చాడు. ఉత్తరాన ఫాట్ దియెమ్ అనే క్యాథలిక్ పట్టణం చుట్టూ జరిగిన పోరును దగ్గర్నుంచి చూశాడు. సైగాన్‌లో ఉన్న రోజుల్లో కాంటినెంటల్ హోటలు, సాయంత్రాల నల్లమందు గొట్టాలు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ గూఢచారి శాఖలో పనిచేసినవాడు కాబట్టి, ఎవరు నిజంగా వైద్యసాయం పంచుతున్నారో, ఎవరు ఆ ముసుగులో ఇంకేదో పంచుతున్నారో పసిగట్టే కన్ను అతనికుంది.

నవలకు విత్తనం ఒక కారు ప్రయాణంలో పడిందని గ్రీన్ తర్వాత తన జ్ఞాపకాల పుస్తకంలో చెప్పుకున్నాడు. మెకాంగ్ డెల్టాలోని బెన్ త్రే నుంచి సైగాన్‌కు తిరిగొస్తుంటే, ఆర్థిక సహాయ బృందానికి చెందిన ఒక అమెరికన్ తోడయ్యాడట. ఫ్రెంచి వలస పాలన వద్దు, కమ్యూనిస్టులూ వద్దు, ఈ దేశానికి కావలసింది 'మూడో శక్తి' అని దారి పొడవునా పాఠం చెప్పాడట. ఆ శక్తికి నాయకుడిగా ఎవరు పనికొస్తారన్న చర్చలో జనరల్ థే పేరు కూడా దొర్లింది.

అప్పటి లెక్కలు కాస్త గుర్తు చేసుకోవాలి. వియత్నాం ఇంకా ఫ్రెంచి వలస. 1946 నుంచి హో చి మిన్ నాయకత్వంలోని వియత్ మిన్ సేనలతో ఫ్రాన్సు యుద్ధం చేస్తోంది. ఖర్చు తలకు మించిపోయి, 1954 నాటికి ఆ యుద్ధపు బిల్లులో మూడొంతులకు పైగా అమెరికాయే కడుతోంది. డబ్బు కట్టేవాడికి పెత్తనం మీద కోరిక పుట్టడం సహజమే కదా. మధ్యలో కావొదాయి అనే మతం ఒకటి. 1926లో పుట్టిన ఈ మతానికి తాయ్ నిన్‌లో పోపు అనిపించుకునే పెద్ద ఉండేవాడు, రంగురంగుల ఆలయం ఉంది, పూజలందుకునే మహనీయుల జాబితాలో ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో కూడా ఉన్నాడు. వీటన్నిటితోపాటు అప్పట్లో సొంత సైన్యమూ ఉండేది. థే పుట్టుకొచ్చింది ఆ సైన్యంలోంచే. ఇంత విడ్డూరమైన సరుకు చేతికందితే ఏ రచయితైనా పండగ చేసుకుంటాడు.

అదే ఫ్రెంచి జెండా అప్పట్లో మన గోదావరి తీరాన యానాం మీద కూడా ఎగురుతుండేది. 1954 మే 7న వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచి సైన్యం లొంగిపోయింది. జూన్ 13న యానాంలో దడాల రఫేల్ రమణయ్య ముందు నడవగా ఫ్రెంచి పాలన కూలింది. నవలలో జరిగే కథ ఆ సామ్రాజ్యపు చివరి ఏళ్లదే.

కథ చెబుతున్నవాడు థామస్ ఫౌలర్. నడివయసు దాటిన బ్రిటిష్ విలేఖరి. నాకు అభిప్రాయాలు లేవు, నేను కళ్లతో చూసింది రాస్తాను, అంతే, అని పదే పదే చెప్పుకునే రకం. లండన్‌లో భార్య ఉంది. ఆమె మతనిష్ఠ విడాకులకు ఒప్పుకోదు. సైగాన్‌లో అతనితో ఉంటున్నది ఇరవై ఏళ్ల ఫువాంగ్. సాయంత్రం పూట నల్లమందు గొట్టం సిద్ధం చేసిస్తుంది, ఇంగ్లండు రాజకుటుంబం బొమ్మలున్న పుస్తకాలు తిరగేస్తుంటుంది. ఆమె అక్కకు ఒకటే ధ్యాస: చెల్లెలికి పెళ్లి కావాలి. పెళ్లి చేసుకోలేని ఈ ముసలి విలేఖరి ఆవిడ లెక్కలో దండగ.

వీళ్ల మధ్యకు వస్తాడు ఆల్డెన్ పైల్. బోస్టన్ కుర్రాడు, ముప్ఫై రెండేళ్లు, ప్రొఫెసర్ కొడుకు, అమెరికన్ ఆర్థిక సహాయ బృందంలో ఉద్యోగం. మర్యాదస్తుడు, తాగి వాగడు. యార్క్ హార్డింగ్ అనే కల్పిత మేధావి పుస్తకాలు అతనికి వేదం. ఆ హార్డింగ్‌గారు వియత్నాంలో గడిపింది బ్యాంకాక్ నుంచి టోక్యో వెళ్తూ దారిలో ఒక్క వారం! గ్రీన్ చురక ఎంత నెమ్మదిగా వేస్తాడంటే, చదివేవాడు నవ్వేసి పేజీ తిప్పేస్తాడు. ఆ వారం రోజుల జ్ఞానం ఎంతమందిని బలి తీసుకుందో తెలిశాక గానీ ఆ నవ్వు గొంతుకు అడ్డం పడదు.

పైల్ ఫువాంగ్‌ను ప్రేమిస్తాడు. ఆ సంగతి ఆమెకన్నా ముందు ఫౌలర్‌కే చెప్పాలని, అదే న్యాయమని, యుద్ధం జరుగుతున్న ఫాట్ దియెమ్‌కు ఒంటరిగా పడవలో నది మీద వెళ్తాడు. శవాలతో నిండిన కాలువను అప్పుడే చూసొచ్చిన ఫౌలర్‌కు అర్ధరాత్రి ఎదురై, మీరు అర్థం చేసుకుంటారనుకుంటున్నా అంటాడు. సైగాన్‌కు వచ్చాక ఇంకా చోద్యం. పైల్‌కు ఫ్రెంచి అంతంతమాత్రం, ఫువాంగ్‌కు ఇంగ్లిషు రాదు. కాబట్టి పైల్ పెళ్లి ప్రస్తావనను ఆమెకు ఫ్రెంచిలో అందించే పని ఫౌలర్ మీదే పడుతుంది. తన ప్రియురాలికి తన పోటీదారు తరఫున పెళ్లి సంబంధం మాట్లాడతాడు. తన ఆస్తి ఎంత, తన రక్తం గ్రూపు ఏమిటి అన్నదాకా పైల్ చిట్టా విప్పుతాడు. ఫువాంగ్ చెప్పిన జవాబు ఒక్కటే, వద్దు అని. ఎందుకు వద్దో ఎవరూ అడగరు. నవలలో ఇంతకన్నా నవ్వించే ఘట్టం లేదు, ఇంతకన్నా జాలి గొలిపేదీ లేదు.

ద్రోహం ముందు చిన్న అబద్ధంగానే మొదలవుతుంది. విడాకులకు ఒప్పుకోనని భార్య ఉత్తరం రాస్తే, ఒప్పుకుందని ఫౌలర్ ఫువాంగ్‌కూ పైల్‌కూ చెబుతాడు. ఇంగ్లిషు చదవగల అక్క చేతికి ఆ ఉత్తరం చిక్కుతుంది. ఫువాంగ్ సామాను సర్దుకుని పైల్ దగ్గరకు వెళ్లిపోతుంది. విచిత్రం ఏమిటంటే అంతకుముందు తాయ్ నిన్ దారిలో కాపలా బురుజు మీద దాడి జరిగినప్పుడు, కాలు విరిగి పొలంలో పడ్డ ఫౌలర్‌ను ప్రాణాలకు తెగించి కాపాడింది పైలే. ప్రాణం పోసినవాణ్ని ద్వేషించడం ఎంత కష్టమో, ఎంత సులువో గ్రీన్‌కు బాగా తెలుసు.

ఈలోగా పైల్ అసలు పని బయటపడుతుంది. ప్లాస్టిక్ బొమ్మల తయారీకని తెప్పిస్తున్న సరుకు నిజానికి ప్లాస్టిక్ పేలుడు పదార్థం. అది జనరల్ థే మనుషులకు చేరుతోంది. ఈ దారి ఫౌలర్‌కు చూపించేది అతని సహాయకుడు డొమింగెజ్. పోర్చుగీసు పేరున్న ఈ భారతీయుడు నెమ్మదస్తుడు, ఊళ్లో ఏ మూల ఏం జరుగుతోందో తెలిసినవాడు. అతనిచ్చిన ఆనవాలు పట్టుకుని ఫౌలర్ నదీతీరంలో ఒక చైనా వర్తకుడి గోదాముకు, అక్కడ హెంగ్ అనే కమ్యూనిస్టు కార్యకర్త దగ్గరకు చేరతాడు. మొదట పేలేవి సైకిల్ పంపుల ఆకారంలో దాచిన చిన్న బాంబులు. ఊరంతా సైకిలు కనిపిస్తే చాలు దూరం జరుగుతుంది. చిన్నపిల్లల చేష్టలని ఫౌలర్ కూడా నవ్వుకుంటాడు.

తర్వాత కూడలి.

ఇక్కడ గ్రీన్ 1952 జనవరి నాటి అసలు పేలుడును దాదాపు యథాతథంగా తెచ్చి పెట్టాడు. నవలలో ఆ రోజు సైనిక కవాతు జరగాలి, అది రద్దయింది, బాంబు మాత్రం రద్దు కాలేదు. పక్కనున్న మిల్క్ బార్‌కు రోజూ ఆ వేళకు ఆడవాళ్లూ పిల్లలూ వస్తారు. అటు వెళ్లొద్దని పైల్ ఫువాంగ్‌ను ముందే హెచ్చరించాడు. మిగతా వాళ్లను ఎవరూ హెచ్చరించలేదు. పొగ తగ్గేసరికి పైల్ అక్కడే నిలబడి ఉన్నాడు, తన బూటు మీద మరకను చూసుకుంటూ. అది నెత్తురని గుర్తుపట్టడానికి అతనికి కాస్త సమయం పడుతుంది. మంత్రిగారిని కలిసేలోగా బూట్లు తుడిపించుకోవాలన్న ఆలోచనైతే వెంటనే వస్తుంది. నవలంతటిలో భయంకరమైన వాక్యం అక్కడుంది. దాన్ని గ్రీన్ రాసిన తీరు చూస్తే, అతనికి పైల్ మీద కోపం కన్నా విస్మయమే ఎక్కువనిపిస్తుంది. మంచితనం చర్మంలా అంటిపెట్టుకుని ఉన్న మనిషి ఇతను. అది ఊడిరాదు, శవాల మధ్య కూడా.

హెంగ్ ఫౌలర్‌ను కోరేది తేలికైన సాయం. పైల్‌ను ఓ రాత్రి భోజనానికి పిలువు, దారిలో మావాళ్లు అతనితో మాట్లాడతారు. పైల్ నీ గదికి వచ్చినప్పుడు కిటికీ దగ్గర ఒక పుస్తకం తెరిచి పట్టుకో, కింద ఉన్న మనిషికి సంకేతం అందుతుంది. మాట్లాడటమంటే ఏమిటో ఫౌలర్‌కు తెలియక కాదు. వెలుతురు కోసమన్నట్టు కిటికీ దగ్గరకు వెళ్తాడు, కవిత్వం చదువుతాడు, పుస్తకం మూస్తాడు. ఆ రాత్రి పైల్ డాకావ్ వెళ్లే వంతెన కింద బురదలో శవమై తేలతాడు.

ఆ రాత్రే ఫౌలర్‌కు హోటల్లో గ్రేంజర్ అనే అమెరికన్ విలేఖరి తగులుతాడు. నోటిదురుసు మనిషి, ఫౌలర్‌కు గిట్టదు. అతను ఏడుస్తున్నాడు. అమెరికాలో కొడుక్కి పోలియో, ఆ రోజు పిల్లాడి పుట్టినరోజు. ప్రతి అమెరికన్‌నూ ఒకే గాటన కట్టి ద్వేషించే వీలు ఫౌలర్‌కు ఆ క్షణాన పోతుంది. ఈ నవలను అమెరికా వ్యతిరేక కరపత్రం అన్నవాళ్లు ఈ రెండు పేజీలు సరిగ్గా చదవలేదేమో.

కూడలిలో చచ్చిపోయిన పసిపిల్లల కోసం పైల్‌ను ఫౌలర్ అప్పగించాడా? ఫువాంగ్‌ను తిరిగి దక్కించుకోవడం కోసమా? పైల్ పోయాక ఫువాంగ్ నిజంగానే ఫౌలర్ దగ్గరకు వచ్చేస్తుంది. అంతలో భార్య మనసు మారి విడాకులకు సరేనని తంతి పంపుతుంది. ఇన్ని లాభాలు ఒక్క హత్యతో వచ్చిపడినప్పుడు, న్యాయం కోసం చేశానని అనుకోవడం అతనికే అసాధ్యం. పోనీ అసూయతోనే చేశాననుకుందామంటే, కూడలిలో చూసిన దృశ్యం అబద్ధం కాదు. పైల్ బతికుంటే ఇంకో బాంబు పేలేదనే వాదన కూడా అబద్ధం కాదు. ప్రేమకూ రాజకీయానికీ ఒకే మనిషి చావు కావలసి వచ్చినప్పుడు ఆ చావుకు బాధ్యత ఏ ఖాతాలో రాయాలి? గ్రీన్ జవాబు చెప్పడు. కేసు విచారించే ఫ్రెంచి ఇన్‌స్పెక్టర్ విగో, పాస్కల్ తత్వగ్రంథం చదువుకుంటూ కూర్చునే అలసిపోయిన మనిషి, నిజం దాదాపు పట్టేస్తాడు. అరెస్టు మాత్రం చేయడు.

గ్రీన్ నేరపరిశోధన కథల చట్రాన్ని వాడుకున్నది ఇందుకే అనిపిస్తుంది. పైల్ చనిపోయాడని మొదటి అధ్యాయంలోనే తెలిసిపోతుంది. ఎవరు చంపారన్నది ఆ తర్వాత పెద్ద రహస్యమేమీ కాదు. పాఠకుణ్ని చివరిదాకా లాక్కెళ్లేది, చెబుతున్నవాడు తన గురించి తాను ఎంతవరకు నిజం చెబుతాడన్న అనుమానం.

అమెరికాలో పుస్తకం 1956లో వచ్చింది. 'న్యూయార్కర్'లో ఎ.జె. లీబ్లింగ్ దుమ్మెత్తిపోశాడు. తోటి దేశస్థుణ్ని హంతకుడిగా చూపడం అతనికి అసలు మింగుడుపడలేదు. ఆ మరుసటి దశాబ్దంలో అమెరికన్ సైనికులు లక్షల్లో వియత్నాంలో దిగారు. యాభై ఎనిమిది వేల మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. వియత్నామీల లెక్క లక్షల్లో. సైగాన్ చేరిన యువ విలేఖరుల చేతుల్లో అప్పుడు ఇదే నవల కనిపించేదని చెబుతారు. పైల్ పాత్రకు మూలం ఎడ్వర్డ్ లాన్స్‌డేల్ అనే సిఐఏ అధికారి అని చాలాకాలం ప్రచారం సాగింది. లాన్స్‌డేల్ సైగాన్‌లో కాలు పెట్టింది 1954 జూన్‌లో. గ్రీన్ నవల మొదలుపెట్టింది 1952లోనే. తేదీలు కలవవు. అయితే అదే లాన్స్‌డేల్ తర్వాత జనరల్ థేను సైగాన్ ప్రభుత్వం వైపు తిప్పాడు. 1955 మేలో సైగాన్ వీధిపోరులో థే తూటాకు బలయ్యాడు. నవల ముందు మొదలై, దాన్ని పోలిన మనిషి వెనకొచ్చాడన్నమాట.

లాన్స్‌డేల్ కథ అంతటితో అయిపోలేదు. జోసెఫ్ మాంకీవిచ్ ఈ నవలను సినిమా తీస్తుంటే, పేలుళ్ల నేరం కమ్యూనిస్టుల మీదికి నెట్టమని అతనికి ఉత్తరం రాసి సలహా ఇచ్చాడు. 1958లో వచ్చిన ఆ సినిమాలో అమెరికన్ అమాయకుడు, ఆ వేషం వేసింది యుద్ధవీరుడిగా దేశమంతా ఎరిగిన ఆడీ మర్ఫీ. ఫౌలర్ కమ్యూనిస్టుల బోనులో పడి, ఒట్టి అసూయతో నిర్దోషిని చంపించిన మూర్ఖుడవుతాడు. గ్రీన్ మండిపడ్డాడు. ఆ కోపం న్యాయమైనదే. ద్రోహంలోంచి రాజకీయాన్ని తీసేస్తే మిగిలేది చవకబారు ముక్కోణపు ప్రేమకథ. (ఫ్రెంచి సినీ దర్శకుడు గొడార్ మాత్రం ఆ సినిమాను ఆ ఏడాది మేటి చిత్రాల్లో ఒకటిగా పొగిడాడు. అభిరుచులు అంతే మరి.)

రెండోసారి ఫిలిప్ నోయ్స్ తీశాడు, ఈసారి నవలకు కట్టుబడి. ఫౌలర్‌గా మైకేల్ కెయిన్, పైల్‌గా బ్రెండన్ ఫ్రేజర్. అంతా సిద్ధమయ్యేసరికి 2001 సెప్టెంబర్ 11 వచ్చిపడింది. అమెరికన్ చేతిలో బాంబున్న సినిమాను విడుదల చేయడానికి నిర్మాణ సంస్థ జంకింది. కెయిన్ గట్టిగా పట్టుబట్టాక 2002లో టొరంటో చిత్రోత్సవంలో చూపించారు, కెయిన్‌కు ఆస్కార్ నామినేషన్ దక్కింది. 2007 ఆగస్టులో మాజీ సైనికుల సభలో, ఇరాక్ యుద్ధాన్ని సమర్థిస్తూ మాట్లాడిన అధ్యక్షుడు జార్జ్ బుష్ తన ప్రసంగంలో ఆల్డెన్ పైల్ పేరెత్తాడు. పైల్‌ను గుర్తుకు తెచ్చుకోవలసిన చివరి మనిషి ఆయనే కదా అని చాలామంది విస్తుపోయారు.

పుస్తకం మీద గట్టిగా నిలిచే ఫిర్యాదు అమెరికన్లది కాదు. అది ఫువాంగ్ గురించి. ఇద్దరు తెల్లవాళ్లు ఆమె గురించి గంటలకొద్దీ వాదించుకుంటారు. ఆమె పసిపిల్ల అంటాడొకడు, కాదంటాడొకడు. ఆమె ఏమనుకుంటోందో నవలలో ఎక్కడా తెలియదు. పైల్ చనిపోయాడని విన్నప్పుడు కూడా ఆమె ఏడవదు, ఫౌలర్‌కు నల్లమందు వేడి చేసిస్తుంది. అది గుండె లేకపోవడమా, నిబ్బరమా, బతకనేర్చినతనమా? ఫౌలర్‌కు తెలియదు కాబట్టి మనకూ తెలియదు అని గ్రీన్ తరఫున వకాల్తా పుచ్చుకోవచ్చు. ఆ వాదనలో బలముంది. కానీ ఫౌలర్ నోటితో కథ చెప్పించాలని నిర్ణయించింది గ్రీనే. ఒక దేశాన్ని స్త్రీగా చేసి ఇద్దరు మగవాళ్ల మధ్య నిలబెట్టడంలో ఉన్న సౌకర్యం అతనికి తెలియనిదేమీ కాదు. 1958 సినిమాలో ఫువాంగ్‌గా నటించింది ఇటలీ అమ్మాయి జార్జియా మోల్. వియత్నాం నటి దో థి హై యెన్‌కు ఆ పాత్ర దక్కడానికి మరో నలభై నాలుగేళ్లు పట్టింది.

అవతలి ఒడ్డు నుంచి జవాబు లాంటి నవల 2015లో వచ్చింది. సైగాన్ కమ్యూనిస్టుల చేతికి చిక్కిన రోజుల్లో, నాలుగేళ్ల వయసులో అమ్మానాన్నలతో దేశం దాటిన వియెట్ థాన్ న్గుయెన్ రాసిన 'ది సింపథైజర్'. మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి అందుకుంది. ఇందులోనూ ప్రేమా ద్రోహమూ రాజకీయ హత్యలూ ఉన్నాయి. కథ చెప్పేవాడు ఫ్రెంచి పాదిరీకీ వియత్నాం తల్లికీ పుట్టినవాడు, దక్షిణ వియత్నాం సైన్యంలో అధికారిగా ఉంటూనే కమ్యూనిస్టుల వేగుగా పనిచేసేవాడు. అమెరికాలో స్థిరపడ్డాక అతనికి వియత్నాం యుద్ధం మీద తీస్తున్న ఒక హాలీవుడ్ సినిమాకు సలహాదారు పని దొరుకుతుంది. స్క్రిప్టు చదివి దర్శకుడి ఇంటికి వెళ్లి పేచీ పెట్టుకుంటాడు: ఇంత పెద్ద సినిమాలో వియత్నామీలు అరుస్తారు, ఏడుస్తారు, చస్తారు, ఒక్కళ్లకైనా మాట్లాడే డైలాగు ఏదీ?